ఉత్తినే వచ్చిన బూడిద



నేను చదివింది అయిదో తరగతి. ముప్పై ఒక్క ఏళ్ళు ఒక బట్టల మిల్లులో రంగుల ఖాతాలో పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు రాయగడలో చిన్నకూతురి దగ్గర ఉంటున్నాను. పుస్తకాలు తిరగేసి రాసే శక్తి నాకు లేదు. కంటికి కనపడింది, చేతికి తగిలింది, తర్వాత చదువుకున్న పిల్లల్ని అడిగి తెలుసుకున్నది రాస్తున్నాను.

విషయం ఏమిటంటే ఇనుము, ఉక్కు, ఫెర్రో అలాయిస్ ఫర్నేసుల్లోంచి వచ్చే చెత్త. అది కంపెనీల గొడవ, మనకెందుకు అనుకోకండి. మన ఇళ్ళు ఎక్కువ పల్లపు భూముల్లో ఉన్నాయి. పల్లం పూడ్చాలంటే మట్టి కావాలి. మట్టికి డబ్బు కావాలి. ఎవరో వచ్చి ఉత్తినే పోస్తామంటే వద్దంటామా? మేమూ వద్దనలేదు. అక్కడే మొదలైంది.

మా వీధి నాగావళిలో కలిసే ఒక గెడ్డ పక్కన ఉంది. నాలుగు వానలు గట్టిగా పడితే గుమ్మంలోకి నీళ్ళొస్తాయి. ట్రాక్టరు మొరం 1,200 రూపాయలు. ఒక ఇంటి ముందు పూడ్చడానికి పది లోడ్లు తక్కువ కాదు. అంత డబ్బు మాలో ఎవరి దగ్గరుంది?

మా అల్లుడు ట్రాక్టరు తోలుతాడు. ఫిల్లింగు పనులు పట్టే ఒక కాంట్రాక్టరు దగ్గర రోజు కూలి. ఒకరోజు సంతోషంగా ఇంటికొచ్చాడు. "మావయ్యా, మన వీధికి లోడు ఉత్తినే పోస్తారట. డీజిలు ఖర్చు కూడా కాంట్రాక్టరుదే" అన్నాడు. వీధంతా పండగే. ముందు ఆరు లోడ్లు నల్లటి రాళ్ళలాటివి వచ్చాయి. కొన్ని గాజులా మెరుస్తున్నాయి. ఆ తర్వాత నాలుగు లోడ్లు వేరే రకం. బూడిద రంగు, సిమెంటులా మెత్తటి పొడి. గాలి వీస్తే లేచిపోతోంది. ఆడవాళ్ళు నీళ్ళు చల్లి అణిచారు. పిల్లలు దానిమీద ఎక్కి జారుతున్నారు. అందులో మా మనవడు కూడా ఉన్నాడు.

మూడో రోజు రాత్రి వాన పడింది. తెల్లారి చూస్తే గుంటల్లో నిలిచిన నీళ్ళు పచ్చగా ఉన్నాయి. ఆకుపచ్చ కాదు, పసుపు పచ్చ. ముత్తయిదువలు కాళ్ళకి పసుపు రాసుకుని కడిగిన నీళ్ళలా ఉన్నాయి. "ఏటమ్మా ఈ నీళ్ళు ఇలాగున్నాయి?" అని పక్కింటావిడ అడిగింది. నాకు మాత్రం గుండె ఒక్కసారి జారింది. ఆ పసుపు నాకు తెలుసు.

నా చేతికి తెలిసిన పసుపు

మా ఖాతాలో సల్ఫర్ బ్లాక్ అని నల్ల రంగు వేసేవాళ్ళం. రంగు పట్టాక గుడ్డని ఇంకో తొట్టిలో ముంచాలి. ఆ తొట్టిలో బైక్రోమేటు, ఎసిటిక్ యాసిడ్ ఉంటాయి. అది పడితేనే నలుపు నిలుస్తుంది. బైక్రోమేటు నారింజ రంగు పలుకులుగా వస్తుంది, చూడ్డానికి పటికబెల్లంలా ముద్దొస్తుంది. నీళ్ళలో వేస్తే ఇదే పసుపు.

మాకు గ్లవుసులు ఇచ్చేవాళ్ళు కాదు. ఇచ్చినా చిరిగినవే. చేతిమీద చిన్న గీత పడి, అందులో ఆ నీళ్ళు చేరితే పుండవుతుంది. క్రోము పుండు అనేవాళ్ళం. గుండ్రంగా, లోతుగా, సూదితో తొలిచినట్టు ఉంటుంది. విచిత్రం ఏమిటంటే పెద్దగా నొప్పి ఉండదు. నొప్పి లేదు కదా అని మనిషి పట్టించుకోడు. మానడానికి నెలలు పడుతుంది. నా ఎడమ చేతిమీద మూడు మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. మా జాబరు ఒకాయనకి ముక్కు మధ్య దూలంలో చిల్లు పడింది. ఆ ఆవిరి, ఆ తుంపర పీల్చి పీల్చి అలా అయింది.

అందుకే ఆ పసుపు నీళ్ళు చూడగానే నాకు తెలిసిపోయింది. తెలిసినా రెండు రోజులు నోరు మెదపలేదు. దాచడం ఎందుకు, ఉన్నది రాస్తున్నాను. పోయించింది అల్లుడు. అతని కూలి ఆ కాంట్రాక్టరు చేతిలో ఉంది. కూతురి ఇంట్లో తింటున్న ముసలాణ్ణి. నోరు తెరిస్తే కూతురి సంసారంలో నిప్పు పోసినట్టు అవుతుందేమో అని భయపడ్డాను. మనవణ్ణి మాత్రం బయటికి పోకుండా ఇంట్లో కూచోపెట్టాను. పక్కింటి పిల్లలు మాత్రం అందులోనే ఆడారు. ఆ రెండు రోజులు నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

మూడో రోజు అల్లుడితో చెప్పాను.

"మీకు ఎక్కడ చూసినా మిల్లు రంగులే కనపడతాయి మావయ్యా. అది బూడిదండీ" అన్నాడు.

"బూడిదైతే నీళ్ళు తెల్లగానో నల్లగానో అవ్వాలి బాబూ. పసుపెందుకవుతాది? ఏ కంపెనీదది?"

"నాకేటి తెలుసు? రాత్రిపూట టిప్పర్లు తెచ్చి బైపాసు కాడ పోసి ఎలిపోతాయి. పొద్దున్న మేం ఎత్తుకొస్తాం."

"కాగితం ఏదైనా ఇచ్చారా?"

"మట్టికి కాగితం ఏటి మావయ్యా!" అని నవ్వాడు.

ఆ నవ్వు గురించే ఈ వ్యాసం.

చిట్టెం వేరు, దుమ్ము వేరు

మన ఊళ్ళో కమ్మరి కొలిమి దగ్గర ఇనుము కరిగాక మిగిలేదాన్ని చిట్టెం అంటారు కదా. పెద్ద ఫర్నేసులోనూ అంతే. లోహం కిందికి పోతుంది, మడ్డి పైకి తేలుతుంది. దాన్ని పోసి చల్లారిస్తే గట్టి రాయి అవుతుంది. దాన్నే స్లాగ్ అంటారు. విశాఖ ఉక్కు లాంటి చోట బ్లాస్ట్ ఫర్నేసు స్లాగ్‌ని నీళ్ళతో ఒక్కసారి చల్లార్చి ఇసకలా చేసి సిమెంటు కంపెనీలకి అమ్ముతారు. మీ ఇంటి శ్లాబుకి స్లాగ్ సిమెంటు వాడి ఉంటే ఆ చిట్టెం మీ నెత్తిమీదే ఉంది. దానివల్ల భయం లేదు. కాబట్టి ఫర్నేసు నుంచి వచ్చిందల్లా విషం అని నేను అనడం లేదు.

ఫర్నేసులోంచి ఇంకోటి కూడా వస్తుంది, అది పొగ. ఆ పొగలో సన్నటి దుమ్ము ఉంటుంది. వెనకటి రోజుల్లో అది చిమ్నీలోంచి ఊరిమీద పడేది. ఇప్పుడు చట్టం ఒప్పుకోదు కాబట్టి గుడ్డ సంచుల ఫిల్టర్లు పెట్టి పడతారు, లేకపోతే నీళ్ళు చిమ్మి కడుగుతారు. గాలి బాగుపడింది. కానీ ఆ దుమ్ము ఎక్కడికీ పోలేదు, సంచిలో చేరింది. గాలిలోంచి తీసిన విషం ఇప్పుడు బస్తాల్లో, గుట్టల్లో ఉంది.

పాత ఇనుము కరిగించి ఉక్కు చేసే కరెంటు ఫర్నేసుల్లో ఒక టన్ను ఉక్కుకి 10 నుంచి 20 కిలోల దుమ్ము వస్తుంది. పాత రేకులకి జింకు పూత ఉంటుంది, పాత పెయింటులో సీసం ఉంటుంది. అవి వేడికి ఆవిరై దుమ్ములో చేరతాయి. సీసం, కాడ్మియం, జింకు అన్నీ అందులోనే.

మన ఒడిశాలో ఇంకో సంగతి ఉంది. స్టెయిన్‌లెస్ స్టీలుకి క్రోమియం కావాలి. దేశంలో క్రోము రాయి దాదాపు అంతా జాజ్‌పూర్ జిల్లా సుకిందాలోనే తవ్వుతారు. ఆ రాయిని కరిగించి ఫెర్రోక్రోమ్ చేస్తారు. క్రోమియం రెండు రకాలు. ఒకే తల్లికి పుట్టిన అన్నదమ్ములు అనుకోండి. ఒకడు మూడో నంబరు, ఇంకొకడు ఆరో నంబరు. మూడో నంబరు సాధువు, రాయిలో ఉంటాడు, నీళ్ళలో కరగడు. ఫర్నేసు వేడికి, గాలికి వాడిలో కొంత భాగం ఆరో నంబరుగా మారుతుంది. ఆరో నంబరు నీళ్ళలో ఇట్టే కరుగుతాడు, పసుపు రంగు తెస్తాడు, పీలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సరు తెస్తాడు. మా రంగుల తొట్టిలో ఉన్నవాడు వీడే. చిట్టెంలో వీడు తక్కువ, సన్నటి దుమ్ములో ఎక్కువ.

దీనికి మందు లేదా అంటే ఉంది. ఫెర్రస్ సల్ఫేటు కలిపితే ఆరో నంబరు మళ్ళీ మూడో నంబరు అవుతాడు. తర్వాత సున్నం వేస్తే అడుగున మడ్డిగా దిగుతాడు. ఆ మడ్డిని పట్టాలు పరిచిన గోతిలో నీళ్ళు దిగకుండా పూడ్చాలి. ఇవేమీ కొత్త విద్యలు కావు. చేయించే మనిషి ఉండాలి, చేసినట్టు చూపించే కాగితం ఉండాలి, అంతే.

చట్టం ఏం చెప్తోంది

1984లో భోపాల్ జరిగింది. ఆ తర్వాత 1986లో పర్యావరణ రక్షణ చట్టం వచ్చింది. దాని కింద 1989లో ప్రమాదకర వ్యర్థాల రూల్సు మొదటిసారి రాశారు. 2008లో మార్చి రాశారు, 2016లో మళ్ళీ రాశారు. ఇప్పుడు నడుస్తున్నవి 2016 రూల్సు. అమెరికా వాళ్ళు ఉక్కు కరెంటు ఫర్నేసు దుమ్ముని 1980లోనే ప్రమాదకరం అని లిస్టులో పెట్టారు. తర్వాత జింకు 15 శాతం, ఆపైన ఉంటే ఊరికే పూడ్చడానికి వీల్లేదు, మళ్ళీ కాల్చి జింకు తియ్యాలి అన్నారు. దుమ్ముని బొగ్గుతో కలిపి తిరిగే పెద్ద గొట్టంలో కాలిస్తే జింకు ఆవిరై వస్తుంది. దాన్ని పట్టి అమ్ముకుంటారు. అంటే విషం కాస్తా సరుకైంది.

మన 2016 రూల్సులో మొదటి షెడ్యూలు అని ఒక పట్టీ ఉంది. ఇనుము, ఉక్కు, ఫెర్రో అలాయిస్ తయారీలో వచ్చే తారు మడ్డి, యాసిడ్ మడ్డి అందులో ఉన్నాయి. గాలిని, గ్యాసుని శుభ్రం చేసినప్పుడు మిగిలేది కూడా ఉంది. మన మిల్లుల్లో రంగు నీళ్ళు శుభ్రం చేసినప్పుడు అడుగున దిగే రసాయనాల మడ్డి కూడా అదే వరసలో ఉంది. కాబట్టి ఇది ఒక్క ఉక్కు వాళ్ళ సంగతి కాదు, మనదీ.

అదే పట్టీలో ఒక చిన్న గమనిక ఉంది. రాశి ఎక్కువ, ప్రభావం తక్కువ అని కొన్నిటిని పక్కన పెట్టారు. ఫ్లై యాష్, అల్యూమినా ఫ్యాక్టరీల ఎర్ర బురద, గనుల తుక్కు, ఫర్నేసుల స్లాగ్, ఇలాటివి ప్రమాదకరం లెక్కలోకి రావు. వాటికి వేరే మార్గదర్శకాలు ఉన్నాయి. దమన్‌జోడి ఎర్ర బురద చెరువు చూసినవాళ్ళకి ఆ రాశి ఎంతో తెలుసు.

ఇక్కడే మోసానికి సందు ఉంది. స్లాగ్ లిస్టులో లేదు, దుమ్ము లిస్టులో ఉంది. రెండూ ఒకే ఫర్నేసు నుంచి వస్తాయి. ఆరు లోడ్లు స్లాగ్ పోసి, దాని చాటున నాలుగు లోడ్లు దుమ్ము పోస్తే అడిగేవాడెవడు? "స్లాగే కదా" అంటారు. మా వీధిలో జరిగింది అదే.

లిస్టులో ఉన్నదాన్ని కంపెనీ 90 రోజులకి మించి తన దగ్గర పెట్టుకోకూడదు, బోర్డు గడువు పెంచితే తప్ప. బయటికి పంపితే అనుమతి ఉన్న చోటికే పంపాలి. ఒడిశాలో అలాటి చోటు జాజ్‌పూర్ జిల్లాలో ఉంది, ఆంధ్రాలో విశాఖ దగ్గర పరవాడలో ఉంది. రాయగడ నుంచి జాజ్‌పూర్ 400 కిలోమీటర్ల పైమాటే. లోడుకి లారీ బాడుగ, అక్కడ పూడ్చినందుకు టన్నుకింత చార్జీ. బైపాసు దగ్గర రాత్రిపూట పోస్తే ఆ ఖర్చు లేదు. మనకి ఉత్తినే వచ్చిన లోడు అసలు ఉత్తిది కాదు. ఎవరో కట్టాల్సిన డబ్బు మన పిల్లల ఒంటిమీద కట్టించారు.

గేటు పాసు

మిల్లులో పనిచేసినవాళ్ళందరికీ గేటు పాసు తెలుసు. ఒక బేలు బయటికి పోవాలంటే పాసు ఉండాలి. ఒక కాపీ ఖాతాలో, ఒకటి గేటులో, ఒకటి లారీలో. మా మిల్లులో కూలివాడి టిఫిను క్యారియరు కూడా తీసి చూసేవాళ్ళు, నూలు ముక్క దాచాడేమో అని. నూలు ముక్కకి అంత కాపలా పెట్టిన లోకంలో విషం లోడుకి పాసు లేదా?

ఉంది. 2016 రూల్సులో ఫారం 10 అని ఉంది. దాన్ని మ్యానిఫెస్టు అంటారు. ఏడు కాపీలు, ఏడు రంగులు. రంగుల ఖాతా వాణ్ణి కదా, నాకు ఇది బాగా గుర్తుండిపోయింది. తెల్లది పంపినవాడు బోర్డుకి ఇవ్వాలి. పసుపుది లారీవాడి సంతకం తీసుకుని తన దగ్గర ఉంచుకోవాలి. మిగిలిన అయిదూ లారీతో పోతాయి. దించుకున్నవాడు గులాబీది ఉంచుకుంటాడు, నారింజది లారీవాడికి ఇస్తాడు, ఆకుపచ్చది బోర్డుకి పంపుతాడు, నీలంది పంపినవాడికి తిరిగి పంపుతాడు. వేరే రాష్ట్రం నుంచి వచ్చిన సరుకైతే బూడిద రంగుది ఆ రాష్ట్రం బోర్డుకి. పోయిన లోడు చేరిందా లేదా అని రెండు వైపులా తెలియాలి, అందుకు ఇంత ఏర్పాటు.

ఇదికాక ప్రతి కంపెనీ ఏడాదికోసారి జూన్ 30 లోగా ఫారం 4లో ఎంత చెత్త పుట్టింది, ఎక్కడికి పోయింది అని బోర్డుకి లెక్క చెప్పాలి. 2003లో సుప్రీంకోర్టు ఒక కేసులో, ఫ్యాక్టరీ గేటు బయట బోర్డు పెట్టి ఏ రసాయనాలు వాడుతున్నారు, ఎంత చెత్త వస్తోంది అని జనానికి కనపడేలా రాయాలంది. మీ ఊళ్ళో ఫ్యాక్టరీ గేటు ముందు ఆ బోర్డు ఉందేమో ఈసారి పోయినప్పుడు చూడండి.

శిక్షల సంగతి కూడా చెప్తాను. 1986 చట్టంలో అయిదేళ్ళ వరకు జైలు ఉండేది. 2023లో చేసిన మార్పుతో దాని బదులు 10 వేల నుంచి 15 లక్షల రూపాయల దాకా జరిమానా పెట్టారు. జరిమానా ఎవరిమీద వెయ్యాలన్నా ముందు సరుకు ఎవరిదో తెలియాలి. మా వీధిలో పోసింది ఎవరిదని నన్ను చాలామంది అడిగారు. ఈ సరిహద్దులో అటూ ఇటూ ఫర్నేసులు చాలా ఉన్నాయి. ఎవరి పేరూ నేను చెప్పను, ఎందుకంటే నాకు తెలీదు, ఎవరికీ తెలీదు. కాగితం లేని లోడుకి తండ్రి ఉండడు.

రాత్రి వచ్చిన మనిషి

మా వీధిలో బడిపంతులు ఒకాయన ఉన్నారు. ఆయన చేత పొల్యూషను బోర్డు రాయగడ ప్రాంతీయ ఆఫీసుకి అర్జీ రాయించాం. ఇరవై రెండు సంతకాలు, తొమ్మిది వేలిముద్రలు. వాళ్ళు వచ్చి నల్ల రాళ్ళు ఒక సంచిలో, బూడిద ఒక సంచిలో, మా బోరు నీళ్ళు ఒక సీసాలో పట్టుకెళ్ళారు. గుట్టమీద టార్పాలిను కప్పమన్నారు, పిల్లల్ని రానియ్యద్దన్నారు.

ఈ సంగతి తెలిసి కాంట్రాక్టరు మా అల్లుణ్ణి పనిలోంచి తీసేశాడు. ఇంట్లో నాతో ఎవరూ మాట్లాడలేదు. అన్నం పెట్టేవాళ్ళు, మాట ఉండేది కాదు.

ఒక రాత్రి పదకొండు గంటలకి కాంట్రాక్టరు మనిషి వచ్చాడు. "ఎందుకొచ్చిన గొడవ, తెల్లారేలోగా మొత్తం ఎత్తేస్తాం. మీ వాణ్ణి మళ్ళీ పనిలో పెట్టుకుంటాం" అన్నాడు. అల్లుడు నా మొహం చూశాడు. నిజం చెప్తున్నాను, సరే అనేద్దామనుకున్నాను. పీడ వదిలిపోతుంది, పని దొరుకుతుంది.

అప్పుడు మా అమ్మాయి లోపలినించి వచ్చింది. "ఇక్కడనించి ఎత్తి ఎవరి గుమ్మంలో పోస్తారన్నా?" అని అడిగింది.

అతను మాట్లాడలేదు.

"మా నాన్న కాగితం అడిగితే మా ఆయన నవ్వాడు. ఇప్పుడు నేనడుగుతున్నాను. ఎక్కడికి పట్టుకెల్తారో కాగితం మీద చూపించండి, అప్పుడెత్తండి" అంది.

అతను వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి గుట్ట మూడు నెలలు అక్కడే ఉంది. వానాకాలం అంతా వీధి ఆడవాళ్ళు వంతులేసుకుని టార్పాలినుమీద రాళ్ళు సరిచేశారు. గుట్ట చుట్టూ కట్ట వేసి, కిందికి పోయే నీళ్ళు గెడ్డలో పడకుండా చూశారు. ఆ గెడ్డ నాగావళిలో కలుస్తుంది, నాగావళి తోటపల్లి దాటి శ్రీకాకుళం పోతుంది. అక్కడ మనవాళ్ళే ఆ నీళ్ళతో వరి పండిస్తారు.

పరీక్ష కాగితం వచ్చింది. ఆ పరీక్ష ఎలా చేస్తారో పంతులుగారు చెప్పారు. సరుకుని కొద్దిగా పులుపున్న నీళ్ళలో వేసి 18 గంటలు తిప్పుతారు. నీళ్ళలోకి ఏం దిగిందో కొలుస్తారు. క్రోమియం లీటరుకి 5 మిల్లీగ్రాములు దాటితే ప్రమాదకరం. సీసానికీ 5, కాడ్మియానికి 1. మా నల్ల రాళ్ళు పరిమితి లోపలే ఉన్నాయి. బూడిద దాటింది. బోరు నీళ్ళు బాగున్నాయని తేలింది. ఆ రోజు మా వీధిలో చాలా మంది ఏడ్చారు, సంతోషంతోనే.

ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. తాగే నీళ్ళలో క్రోమియం 0.05 మిల్లీగ్రాము దాటకూడదు. చెత్తకి పెట్టిన పరిమితి 5. అంటే వంద రెట్లు. "పరిమితిలోనే ఉంది" అని ఎవరైనా కాగితం చూపిస్తే, ఏ పరిమితో అడగండి. చెత్త పరిమితిలో ఉన్నంత మాత్రాన బావి పక్కన పోసుకోవచ్చని కాదు.

చివరికి బోర్డు వాళ్ళ ఎదురుగా మూసిన లారీలో ఎత్తారు. కింద మట్టి కూడా ఒక జానెడు తీసుకెళ్ళారు. ఆ రంగు కాగితాలు నేను నా కళ్ళతో చూశాను. అల్లుడికి నాలుగు నెలలు పని లేదు. అమ్మాయి చెవి కమ్మలు తాకట్టులో ఉన్నాయి, ఇంకా విడిపించలేదు. ఇప్పుడతను ఇటుకబట్టీకి తోలుతున్నాడు, కూలి కొంచెం తక్కువ. మా గుమ్మం ఇంకా పల్లంలోనే ఉంది. మొన్న వానకి నీళ్ళొచ్చాయి. మామూలు బురద నీళ్ళు.

కంపెనీ పోయినా గుట్ట ఉంటుంది

మిల్లు మూసెయ్యాలని నేను అనను. మిల్లు మూతపడితే ఏమవుతుందో మన కుటుంబాలకి తెలిసినంత ఎవరికీ తెలీదు. తమిళనాడు రాణిపేటలో క్రోమేటు తయారుచేసే కంపెనీ ఒకటి ఉండేది. అది మూతపడి ఏళ్ళు గడిచాయి. కూలీల పనులు పోయాయి, గుట్ట మాత్రం పోలేదు. వానొస్తే అక్కడ నీళ్ళు పసుపవుతాయి. 2007లో ప్రపంచంలో బాగా పాడైన పది చోట్ల పట్టీ ఒక సంస్థ వేస్తే అందులో మన సుకిందా ఉంది. చెత్తకి సరైన దారి చూపించిన కంపెనీయే నాలుగు కాలాలు నిలుస్తుంది, మన పని కూడా అప్పుడే నిలుస్తుంది.

కాబట్టి మీ వీధికి ఎవరైనా ఉత్తినే లోడు పోస్తామంటే నాలుగు మాటలు అడగండి. ఇది ఏ ఫ్యాక్టరీది? స్లాగా, దుమ్మా, మడ్డా? పరీక్ష రిపోర్టు ఉందా? బోర్డు అనుమతి ఉందా? లిస్టులో ఉన్న సరుకుని ఫిల్లింగుకి గానీ, ఇటుకలకి గానీ వాడాలంటే బోర్డు అనుమతి తప్పనిసరి. మెత్తటి పొడి, జిడ్డు మడ్డి, ఘాటు వాసన ఉన్నది ఏదైనా కాగితం చూడకుండా దించనివ్వద్దు. దించేసి ఉంటే మీరే ఎత్తి ఇంకోచోట పొయ్యకండి. కప్పండి, పిల్లల్ని ఆపండి, తడి తగలకుండా చూడండి, అర్జీ పెట్టండి. జవాబు రాకపోతే పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు కింద అడగండి. అదీ కుదరకపోతే గ్రీన్ ట్రిబ్యునల్ ఉంది, ఒడిశాకి కోల్‌కతా బెంచి.

ట్రాక్టరు తోలే తమ్ముళ్ళకి ఒక మాట. లోడు మొయ్యడం మీ తప్పు కాదు. అయినా ముందు దుమ్ము పీల్చేది మీరే. "కాగితం లేకపోతే ఎత్తను" అని ఒక్కడంటే పని పోతుంది. అందరూ అంటే కాగితం వస్తుంది. సంఘంలో మనం నేర్చుకున్నది అదే కదా.

నిన్న మా అల్లుడు భోజనం దగ్గర ఒక మాటన్నాడు. బట్టీకి బొగ్గు బూడిద లోడు వస్తే డ్రైవరుని కాగితం అడిగాడట. వాడు నవ్వాడట.

"మీరు నవ్వితే నాకు కోపం రాలేదు మావయ్యా, వాడు నవ్వితే వచ్చింది" అన్నాడు.

ఇట్లు,
రంగుల ఖాతా రిటైర్డు కార్మికుడు, రాయగడ